సంతలో ఎద్దు – షెడ్డులో కారు

గత నెల ఈ శీర్షికకు ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు మన సంఘ సభ్యులే. ఉద్యోగ విరమణ చేసి రెండేండ్లయినది. కాపురం పెరంబూరులో. భార్యకు మోకాళ్ళ నొప్పులు; బస్సు మెట్లు ఎక్కలేరు. నెలకొకసారి ఆస్పత్రికి, ఏడాదికి నాలుగైదుసార్లు నెల్లూరు దగ్గర స్వగ్రామానికి పోవలసిన పని ఉంటుంది. కొత్త కారు కొనే స్తోమతు లేదు. ప్రావిడెంటు ఫండులో పిల్లల పెండ్లిళ్ళకు పోగా మిగిలినది రెండున్నర లక్షలు.

"పన్నెండేండ్ల కారు ఒకటి రెండు లక్షల ఇరవై వేలకు వస్తున్నది. చూడబోతే పెండ్లికూతురులాగ ఉన్నది. అరవై వేల కిలోమీటర్లే తిరిగినదట. రేపే అడ్వాన్సు ఇవ్వకపోతే మరొకరు తన్నుకుపోతారని బ్రోకరు తొందర పెడుతున్నాడు. నమ్మవచ్చునా?" – ఇదీ వారి ప్రశ్న.

మేము వెంటనే వారికి ఫోను చేసి, "ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఆదివారం మేమూ వస్తాము" అని చెప్పాము. వెళ్ళాము కూడా. ఆ కథంతా ఇక్కడ చెప్పదలచుకున్నాము. ఎందుకంటే ఇటువంటి ప్రశ్న మన సభ్యులలో ఇంకా చాలామంది ఇండ్లలో ఉండే ఉంటుంది.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. ఒకరికి బుద్ధి చెప్పేవాడు తాను ఎక్కడ జారిపడ్డాడో చెప్పడం న్యాయం.

2015 డిసెంబరు మొదట్లో చెన్నపట్నాన్ని వరద ముంచెత్తిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఎన్నో కార్లు రోజుల తరబడి నీటిలో నిలిచిపోయాయి. ఆ మరుసటి వేసవిలో మేము ఒక బ్రోకరు దగ్గర ఆరేండ్ల కారు కొన్నాము. నిగనిగలాడే రంగు, కొత్త సీటు కవర్లు, లోపల మల్లెపూల అత్తరు వాసన. ఆ వాసన ఎందుకని అడగాలని మాకు తోచలేదు. నవంబరులో మా తల్లిగారిని వెంటబెట్టుకొని నెల్లూరు పోతుండగా, తడ దాటిన తరువాత, రాత్రి తొమ్మిది గంటలప్పుడు దీపాలు, ఇంజను ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనుక లారీలు. వాన. ఎనభై ఏండ్ల మనిషిని రోడ్డు పక్కన గొడుగు కింద నిలబెట్టి, ఆ గంటన్నర మేము పడిన వేదన పగవారికి కూడా వద్దు. సూళ్ళూరుపేటలో మెకానిక్కు కారు లోపలి పట్టా ఎత్తి చూపించాడు. అడుగున ఎండిపోయిన బురద. వైర్ల కొసలకు పచ్చని చిలుము. మేము అత్తరు వాసనకు డబ్బిచ్చి వరద నీటిని కొన్నామన్నమాట! "పైన పటారం, లోన లొటారం" అన్న సామెతకు అర్థం మాకు ఆ రాత్రి తెలిసింది.

మన తాతలు ఇంత అమాయకులు కారు. సంతకు పోయి ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టేవారు. డెక్కలు ఎత్తి చూచేవారు. సుళ్ళు చూచేవారు. నాలుగడుగులు నడిపించి, వీలైతే కాడి కట్టి చూచేవారు. అమ్మేవాడు కొమ్ములు చెక్కి నూనె రాసి తెచ్చినా, ఆ మెరుపుకు ధర కట్టేవారు కారు. తువాలు కింద వేళ్ళతో బేరం సాగేది ఇవన్నీ అయిన తరువాతనే. కారుకు కూడా పళ్ళున్నాయి, డెక్కలున్నాయి, నడక ఉన్నది. చూచే ఓపిక మనకు ఉండవలెను.

బానెట్టు మీద చేయి

ఆదివారం ఉదయం ఏడు గంటలకు వెళ్ళాము. మాతో అయనావరంలో షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్కును తీసుకొని వెళ్ళాము. వెయ్యి రూపాయలు ఇస్తామన్నాము. రెండు లక్షల వస్తువును చూపించుకోవడానికి వెయ్యి రూపాయలు ఖర్చు కాదు. అదే అన్నిటికన్న చవక అయిన భీమా. అమ్మేవారు చూపించిన మెకానిక్కు కాక, మనం తెచ్చుకున్న మెకానిక్కే కావలెను.

ఆయన కారు దగ్గరకు పోగానే చేసిన మొదటి పని, బానెట్టు మీద అరచేయి పెట్టడం. వేడిగా ఉన్నది. "మేము వచ్చేవరకు స్టార్టు చేయవద్దన్నాము గదా?" అని అడిగితే బ్రోకరు, "కొంచెం కడిగి పక్కకు పెట్టాము సార్" అన్నాడు. మెకానిక్కు మాతో మెల్లగా, "వేడి ఇంజను అబద్ధం చెబుతుంది. రాత్రంతా నిద్రపోయి లేచిన ఇంజనే నిజం చెబుతుంది" అన్నాడు. ఇంజను ఎట్లా లేస్తుందో మరునాడు చూద్దామని, ఆనాడు తక్కినవి చూశాము.

రంగు సంగతి ముందు. పగటి వెలుతురులో, కారు పొడిగా ఉన్నప్పుడు చూడవలెను. రాత్రి దీపాల కింద, కడిగిన తడి మీద ఏ కారైనా అందగత్తెయే. మెకానిక్కు తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో ఎత్తి చూపించాడు. దాని మీద చిన్న చిన్న రంగు చుక్కలు. అంటే మళ్ళీ రంగు కొట్టారన్నమాట. బానెట్టు కీళ్ళ దగ్గర బోల్టుల తలల మీద పానా పెట్టి తిప్పిన గీతలు ఉన్నాయి. కుడివైపు ముందు రేకు మీద వేలి కణుపుతో కొడితే, ఎడమవైపులాగ గణగణ అనక మొద్దుగా పలికింది. లోపల పట్టీ మెత్తి టింకరింగు పని చేశారు. చిన్న రాపిడికి రంగు కొట్టించడం నేరం కాదు. పట్నంలో గీత పడని కారు ఉండదు. కాని దెబ్బ తగిలింది రేకుకా, దాని వెనుక ఉన్న ఎముకకా అన్నది తెలుసుకోవలెను. బానెట్టు ఎత్తి లోపలి కమ్ములు వంకర పోయినవా, అతుకు వేసిన గుర్తులున్నవా చూడాలి. తలుపులకు మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉన్నదా చూడాలి. ఎముక విరిగి అతికిన కారును ఎంత చవకగా వచ్చినా ముట్టుకోరాదు.

తరువాత డెక్కలు, అనగా టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. ఇది తెలిసిన తరువాత టైరు వయస్సు ఎవరినీ అడగనక్కరలేదు. కారు అద్దాల మీద కూడా తయారీ గుర్తులు ఉంటాయి. అన్నీ ఒక ఏడాదివై, ఒక్కటి మాత్రం వేరైతే, ఆ అద్దం ఎందుకు మారినదో అడగవలెను. టైర్లు ఒక అంచున మాత్రమే అరిగి ఉంటే చక్రాల అలైన్‌మెంటు తప్పినదనో, కింద భాగాలు వదులైనవనో అనుమానించాలి.

మీటరు మాట, ద్వారబంధం మాట

అరవై వేల కిలోమీటర్ల సంగతి చూద్దాము. మీటరును వెనుకకు తిప్పడం ఈ రోజులలో గడియారం తిప్పినంత సులభం. డిజిటలు మీటరైతే మోసం ఉండదనుకోవడం భ్రమ. కాబట్టి మీటరును అడగకూడదు, దాని చుట్టూ ఉన్నవాటిని అడగవలెను. బ్రేకు, క్లచ్చి పెడళ్ళ రబ్బరు ఎంత అరిగింది? స్టీరింగు మీద చేయి ఆనే చోట గరుకు పోయి అద్దంలాగ మెరుస్తున్నదా? డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగిందా? అరవై వేలకు ఇంత అరుగుదల ఉండదు. పెడలు రబ్బర్లు మాత్రమే కొత్తవైతే అదీ ఒక సాక్ష్యమే.

మా సభ్యుడు చూడబోయిన కారులో ఇంకా గట్టి సాక్ష్యమే దొరికింది. డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం కింది భాగాన సగం గీకివేసిన ఒక స్టిక్కరు. సర్వీసు షెడ్డువారు అంటించినది. తరువాతి ఆయిలు మార్పు 1,04,000 కిలోమీటర్లకు అని దానిమీద ఉన్నది! మీటరును తిప్పినవాడు ఆ చిన్న కాగితాన్ని పూర్తిగా గీకడం మరచాడు. మేము ఏమీ అనలేదు. బ్రోకరు కూడా ఏమీ అనలేదు.

సర్వీసు బిల్లులు అడగడం మరచిపోరాదు. కంపెనీ సర్వీసు కేంద్రాలలో పని చేయించిన కారైతే, యజమాని వెంట ఉంటే ఆ కారు చరిత్ర, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉన్నదీ, అక్కడే కనుక్కోవచ్చు. ఆయిలు ఎప్పుడు మార్చారు, టైమింగు బెల్టు మార్చారా అన్న రెండు ప్రశ్నలకు కాగితం చూపించగలవాడు కారును పెంచుకున్నవాడు. కొన్ని ఇంజన్లలో బెల్టు ఉంటుంది, కొన్నింటిలో గొలుసు ఉంటుంది. బెల్టు ఉన్న ఇంజనులో దానిని వేళకు మార్చక తెగనిస్తే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టనుకు తగిలి లోపలంతా పాడవుతుంది. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకొని, ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి.

వరద పరీక్ష మేము ప్రత్యేకించి చేశాము, ఎందుకో పాఠకులకు చెప్పనక్కరలేదు. సీటు బెల్టును చివరిదాక బయటికి లాగి చూడవలెను. కొసన మట్టి చార ఉంటే నీరు అంత ఎత్తుకు వచ్చినదని గుర్తు. పట్టా ఎత్తి కింద చేయి పెట్టాలి. డిక్కీలో స్టెప్నీ చక్రం తీసి, ఆ గుంటలో బురద, తుప్పు ఉన్నవా చూడాలి. సీటు కింద పట్టాల తుప్పు, దీపాల గాజు లోపల తేమ, ముక్కవాసన – ఇవన్నీ చూడాలి. అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉంటే కిటికీలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోవలెను. న్యాయంగా చెప్పాలంటే ఈ కారుకు వరద దోషం లేదు. చెరువులో బర్రెను చూపి బేరమాడినట్లు మేము ఒకప్పుడు మోసపోయాము గాని, ప్రతి కారునూ నీట మునిగినదనుకోవడం కూడా తప్పే.

నిద్రలేచిన ఇంజను

మరునాడు ఉదయం చెప్పిన వేళకు అరగంట ముందే పోయాము. ఈసారి బానెట్టు చల్లగా ఉన్నది. స్టార్టు చేయకముందే మెకానిక్కు మూడు మూతలు చూశాడు. ఇంజను ఆయిలు పోసే మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు పేరుకుని ఉంటే, ఆయిలులో నీరు కలుస్తున్నదేమో అని అనుమానించాలి. ఆయిలు కొలత కడ్డీ తీసి మట్టం చూడాలి. రేడియేటరు మూత చల్లగా ఉన్నప్పుడే తీయవలెను. వేడి మీద తీస్తే మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. లోపల కూలెంటు రంగు నీరు ఉన్నదా, లేక తుప్పు నీరు ఉన్నదా, పైన నూనె తెట్టు కట్టినదా చూడాలి.

ఆ తరువాత ఒకరు సైలెన్సరు వెనుక నిలబడి ఉండగా ఒకరు స్టార్టు చేయాలి. తెల్లవారుజామున కొంచెం తెల్లని ఆవిరి వచ్చి మాయమైతే భయం లేదు. వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ దట్టంగా వస్తూ ఉంటే కూలెంటు లోపలికి పోతున్నదన్నమాట. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువగా కాలుతున్నది. చాలాసార్లు దానిని సరిచేయవచ్చు. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. దాని వైద్యం ఖరీదైనది. మా సభ్యుడి పెండ్లికూతురు లేచీ లేవగానే నీలిపొగ వదిలింది. పది క్షణాలలో తగ్గిపోయింది. నిన్న ఎందుకు ముందే వేడిచేసి పెట్టారో అప్పుడు తెలిసింది.

నడక పరీక్ష అరగంటకు తక్కువ కాకూడదు. గతుకుల వీధి, వంతెన ఎక్కుడు, తీరికైన పెద్ద రోడ్డు – మూడూ ఉండవలెను. రేడియో ఆపి, కిటికీ దించి, చెవి పెట్టి వినాలి. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా పోనిస్తే టకటక శబ్దం వస్తే ముందు ఇరుసు కీళ్ళు అరిగినవి. ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగరాదు. రెండవ గేరు పడేటప్పుడు గరగరమనరాదు. ఎక్కుడులో ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి ప్లేటు అయిపోవచ్చినది. ఎ.సి. వేసి, కారు నిలిపి, పది నిమిషాలు ఇంజను నడవనివ్వాలి. వేడిముల్లు మధ్య దాటి పైకి పోరాదు, ఫ్యాను తనంతట తాను తిరగాలి. చెన్నపట్నపు మే నెలలో సిగ్నలు దగ్గర జరిగేది ఇదే గదా!

ఇంకొక మాట. ఆ కారు ఎవరి కోసమో వారిని కూడా తీసుకొని పోవలెను. మేము ఆ తల్లిని రమ్మన్నాము. సీటు చాలా కిందికి ఉండడం చేత ఆమె దిగడానికి మా చేయి పట్టుకోవలసి వచ్చింది. ఇంజను సంగతి అటుంచి, ఇదొక్కటి చాలును ఆ కారు వద్దనడానికి. మగవారు నలుగురు బానెట్టు చుట్టూ నిలబడి ఈ సంగతి ఆలోచించనే లేదు!

కాగితాలు

కారు ఎంత మంచిదైనా కాగితం చెడ్డదైతే ఇంటికి తెచ్చుకున్నది కారు కాదు, వ్యాజ్యం. ఆర్.సి. మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారు మీద ఉన్న నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూడాలి. ఎన్నవ యజమాని అన్నది అందులోనే ఉంటుంది. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు ఇచ్చే బకాయి లేదన్న పత్రం, 35వ నంబరు ఫారము కావలెను. ప్రభుత్వంవారి పరివాహన్ ద్వారా భీమా గడువు, పొగ సర్టిఫికెట్టు, బకాయి ఉన్న చలానాలు చూడవచ్చు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషను పదిహేను ఏండ్లకు. ఆపైన ఎఫ్.సి. చూపించి ఐదేండ్లకొకసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండిన ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 చేశారు. తరువాత ఇంకా పాతవాటికి మరింత పెంచారు. కాబట్టి ఆనాటి రుసుము, రాష్ట్రం వేసే గ్రీను టాక్సు ఎంతో ఆర్.టి.ఓ. కార్యాలయంలో కనుక్కోవాలి. పన్నెండేండ్ల కారు కొనేవారు మూడేండ్ల తరువాతి ఖర్చును ఇప్పుడే లెక్కలో వ్రాసుకోవలెను.

అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో పేరు మార్పు సంగతి రిజిస్టరింగు అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. 29, 30 నంబరు ఫారాలు అందుకే. భీమా కూడా 14 రోజులలో కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి. మన సభ్యులలో కార్లు అమ్మేవారు కూడా ఉన్నారు గనుక వారికొక హెచ్చరిక. సంతకాలు చేసి తాళాలు ఇచ్చేస్తే అయిపోయినదనుకోకండి. ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు యజమానిగా బాధ్యత వారిదేనని సుప్రీం కోర్టు 2018లో స్పష్టం చేసింది. పేరు మారినదాక మీ నిద్ర మీది కాదు.

రాష్ట్రం దాటే చిక్కు మనవారికే ఎక్కువ. చెన్నపట్నంలో కాపురం, నెల్లూరులో పొలం. బెంగుళూరులో ఉద్యోగం, హిందూపురంలో అత్తవారిల్లు. బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురంలో చుట్టాలు. యానాంలో దుకాణం, కాకినాడలో పిల్లల చదువు. మనకు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. వచ్చి పోయేందుకు ఇబ్బంది లేదు. కాని ఒక రాష్ట్రపు నంబరు కారును మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి పన్ను కట్టాలి. పాత రాష్ట్రం నుండి 28వ ఫారము మీద అభ్యంతరం లేదన్న పత్రం కావలెను. అక్కడ కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం వేరుగా అర్జీ పెట్టుకోవాలి. పొరుగు రాష్ట్రంలో ఇరవై వేలు చవక అని సంబరపడి కొని, ఇక్కడ ముప్పై వేలు పన్ను కట్టిన వారిని మేము ఎరుగుదుము.

లెక్క ఎట్లా తేలింది

మెకానిక్కు ఒక చీటీ మీద లెక్క వేశాడు. ఇంజను పని, ముందు ఇరుసు కీళ్ళు, నాలుగు టైర్లు కలిపి డెబ్భై వేలకు తక్కువ కాదన్నాడు. బ్రోకరు ముప్పై వేలు దించాడు. మా సభ్యుడి ముఖంలో ఆశ కనిపించింది. మేము, "ధర తగ్గితే పొగ తగ్గదు" అని చెప్పి వారిని బయటికి తీసుకువచ్చాము. మీటరు విషయంలో అబద్ధమాడినవాడు మనకు కనబడని చోట ఇంకెన్ని అబద్ధాలు దాచాడో ఎవరికి తెలుసు?

రెండవ కారు కాగితాల దగ్గర ఆగిపోయింది. మూడవది వారి వీధిలోనే దొరికింది. ఒక రిటైరయిన ఉపాధ్యాయులది. పదకొండేండ్ల కారు. ఎండకు వెలిసిన వెండి రంగు, వెనుక తలుపు మీద జానెడు గీత. చూడగానే మన వారికి నచ్చలేదు. ఎనభై రెండు వేల కిలోమీటర్లు. కాని ఆయన లోపలికి పోయి ఒక ఫైలు తెచ్చారు. కొన్న రోజు నుండి నిన్నటి దాక ప్రతి బిల్లూ అందులో ఉన్నది. "క్లచ్చి ప్లేటు అయిపోవచ్చింది. వెనుక టైర్లు రెండూ పాతవి. ఎ.సి. మధ్యాహ్నం సరిగా చల్లబరచదు" అని అడగకముందే చెప్పారు. చల్లని ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. పొగ లేదు. మెకానిక్కు ఆ మూడు పనులకు ముప్పై రెండు వేలు అవుతుందన్నాడు. రెండు లక్షలు అడిగినవారు లక్షా ఎనభైకి ఒప్పుకున్నారు. మొత్తం రెండు లక్షల పన్నెండు వేలు. చేతిలో మిగిలిన ముప్పై ఎనిమిది వేలు భీమాకు, పేరు మార్పుకు, రేపు రాబోయే బ్యాటరీకి. ఆ తల్లి ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి, దిగి చూపించారు.

ఈ వ్యవహారం నుండి మేము గ్రహించినది ఒక్క మాట. లోపం లేని పాతకారు లేదు. నమ్మదగిన కారంటే లోపం లేనిది కాదు. లోపాలు తెలిసినది, వాటికి లెక్క కట్టినది. మొదటి కారు లోపాలు రంగు కింద దాగి ఉన్నాయి. మూడవ కారు లోపాలు ఫైలులో ఉన్నాయి. తేడా అంతే. వయస్సును చూచి భయపడవద్దు, మెరుపును చూచి మురిసిపోవద్దు. పెంచుకున్న చేతిని చూచి కొనండి.

పాతకారు కొనేవారు ఉన్న సొమ్మంతా కారుకే పోయరాదు. చేతిలో ఉన్నదానిలో అయిదవ వంతు మరమ్మతులకు పక్కన పెట్టి, తక్కిన దానితోనే బేరం చేయవలెను. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే ఇంటికి పాత డీజిలు కారు తగదు. ఇంజెక్టర్లు, టర్బో చెడితే పెట్రోలులో ఆదా చేసినదంతా ఒక్క బిల్లులో పోతుంది. ఇప్పుడు బంకులలో పోస్తున్న పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాలు కలుస్తున్నది. 2023 ఏప్రిల్ నుండి తయారైన కార్లను దానికి తగినట్లు చేశారు. అంతకు ముందరి వాటిలో మైలేజీ కొంచెం తగ్గవచ్చు, పెట్రోలు పోయే రబ్బరు గొట్టాలు ముందుగా పాడుకావచ్చు. సర్వీసులో అవి చూపించుకోవాలి. కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిరుబ్యాగు తప్పనిసరి అయినది 2019 జులై నుండి. అంతకు ముందరి చిన్న కార్లు చాలావాటిలో అది ఉండదు. అటువంటి కారులో సీటు బెల్టే దిక్కు. వెనుక కూర్చున్న తల్లిగారి బెల్టు కూడా పనిచేస్తున్నదో లేదో చూచుకొని మరీ బయలుదేరండి.

అన్నిటికన్న కష్టమైన పరీక్ష ఇంజనుది కాదు, మన మనస్సుది. "రేపే ఇవ్వాలి" అన్నవాడికి "అయితే మరొకరికే ఇవ్వండి" అని చెప్పి నవ్వుతూ లేచి రావడం. సంతలో మన తాతలు ఉదయం నుండి సాయంకాలం దాక తిరిగి, ఏదీ కుదరక ఒట్టి పలుపుతాడు భుజాన వేసుకొని ఇంటికి తిరిగి వచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. అందుకు వారు సిగ్గుపడలేదు. పైవారం మళ్ళీ సంత ఉంటుందని వారికి తెలుసు.

మా సభ్యుడు దంపతులు మొన్న శనివారం తెల్లవారుజామున బయలుదేరి నెల్లూరు పోయి వచ్చారు. తడ దాటిన చోట ఆగి కాఫీ త్రాగి మాకు ఫోను చేశారు. "అంతా బాగున్నది. ఎ.సి. మాత్రం మధ్యాహ్నం ఇంకా కొంచెం బద్ధకిస్తున్నది" అన్నారు. తెలిసిన లోపమే గదా!